విడిపించుకునే నాటి ధర

రాయచూరు జిల్లాలోని కల్లూరు చుట్టుపక్కల నేలంతా కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న అంతర్వేది. పదకొండో శతాబ్దం చివర దాన్ని కల్యాణి చాళుక్యులు ఏలారు. ఆరో విక్రమాదిత్యుడి (1076–1126) కొలువులో విజ్ఞానేశ్వరుడు యాజ్ఞవల్క్య స్మృతికి మితాక్షర వ్యాఖ్య రాశాడు. వారసత్వపు తగాదాల్లో కోర్టులు తరతరాలుగా ప్రమాణంగా తీసుకున్న పుస్తకం అది. అందులో తాకట్టు గురించి కూడా కొన్ని నియమాలున్నాయి. ఈ రోజుకూ తెగని ఒక ప్రశ్న వాటిలో కనిపిస్తుంది: అప్పులో ఇరుక్కున్నవాడు తన వస్తువును విడిపించుకోవాలంటే దానికి ఏ రోజు ధర కట్టాలి?

ఆ నియమాల ప్రకారం, బాకీ చెల్లించడానికి వచ్చినవాడికి తాకట్టు వస్తువును తిరిగి ఇవ్వనివాడు దొంగతో సమానం. అప్పిచ్చినవాడు ఊళ్లో లేకపోతే సొమ్మును అతని ఇంటివాళ్ల దగ్గర ఉంచి వస్తువు తెచ్చుకోవచ్చు. లేదా ఆ నాటికి వస్తువు విలువ ఎంతో తేల్చి దాన్ని అక్కడే ఉంచవచ్చు, అప్పటి నుంచి వడ్డీ నడవదు. అంటే అప్పు పుట్టిన నాటి లెక్కను కాకుండా, బాకీదారు తీర్చడానికి నిలబడ్డ రోజును ప్రమాణంగా తీసుకున్నారు. వడ్డీతో కలిసి బాకీ రెట్టింపైనా విడిపించుకోకపోతే తాకట్టు పోతుంది. పొలంలా ఫలసాయం అనుభవించే తాకట్టు మాత్రం ఎన్నటికీ పోదు.

అప్పులవాడి బతుకుతెరువును కాపాడే పద్ధతి ఇంగ్లీషువాళ్ల కాలపు చట్టాల్లోనూ కనిపిస్తుంది. పక్కనున్న బళ్లారి, కర్నూలు జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి. అక్కడ అమలైన 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ డిక్రీదారు చేతికి చిక్కకూడని వస్తువులను ఒక్కొక్కటిగా చెప్పింది. ఒంటి మీది బట్టలు, వంటపాత్రలు, పక్కబట్టలు, మతాచారం ప్రకారం ఆడవాళ్లు తీయరాని నగలు, చేతిపనివాడి పనిముట్లు. రైతుకైతే సేద్యపు పనిముట్లతో పాటు, కోర్టు అవసరమనుకున్న మేరకు ఎడ్లు, విత్తనాలు కూడా. 1953లో తుంగభద్ర నీళ్లు పారడం మొదలయ్యాక కోస్తా నుంచి తెలుగు రైతులు వచ్చి రాయచూరు జిల్లాలో క్యాంపులు వేసుకున్నారు. కాలం మారి ఎడ్ల స్థానంలో ట్రాక్టర్లు, కార్లు వచ్చాయి. వాటిలో చాలావరకు ఫైనాన్సు మీద కొన్నవే.

కారుకు ధర కట్టే వాదన లోతుగా నడిచింది అమెరికాలో. అక్కడి 1978 దివాలా కోడ్ 722వ సెక్షన్ ప్రకారం, ఐ.పి. పెట్టిన మనిషి సొంత వాడకానికి ఉంచుకున్న వస్తువును విడిపించుకోవాలంటే మొత్తం బాకీ కట్టనక్కర్లేదు. వస్తువు విలువ మేరకు కడితే చాలు. ఇరవై వేల డాలర్ల బాకీ ఉన్న కారు ఎనిమిది వేలే పలికితే, ఎనిమిది వేలతో కారు ఇంటి దగ్గరే ఉంటుంది. మిగతాది దివాలాలో రద్దవుతుంది.

అయితే ఏ ధర? డీలర్ల వేలంలో పలికే ధరా, షోరూములో కొనేవాడు పెట్టే ధరా? చాలా కోర్టులు వేలం ధరను ఒప్పుకునేవి. 1997లో అమెరికా సుప్రీంకోర్టు రాష్ కేసులో, ఐ.పి. పెట్టినా బండిని తన దగ్గరే ఉంచుకుని వాయిదాల్లో కట్టే లారీ యజమాని విషయం తేల్చింది. తన లారీ విలువ 31,875 డాలర్లని అతను అన్నాడు, 41,000 అని కంపెనీ అంది. అలాంటి బండి మళ్లీ కొనడానికి అయ్యే ధరే కొలబద్ద అని జస్టిస్ గిన్స్‌బర్గ్ తీర్పు రాశారు. ఆ ధరలో వారంటీ, రిపేరు చేసి మెరుగుపెట్టే ఖర్చు కలపకూడదని ఫుట్‌నోట్‌లో హెచ్చరించారు. 2005 చట్టం ఆ కొలబద్దను సొంత కార్లకూ వర్తింపజేసింది: పిటిషన్ వేసిన రోజున, ఆ వయసూ ఆ పరిస్థితీ ఉన్న బండికి చిల్లర వ్యాపారి అడిగే ధర. సొమ్ము ఒకేసారి కట్టాలి. సొట్టలు, అరిగిన టైర్లు, తిరిగిన మైళ్లు అన్నీ ఆ లెక్కలోకి వస్తాయి. వేలం ధరకూ చిల్లర ధరకూ మధ్య తేడాను మాత్రం బీద బాకీదారే భరించాలి.

మన 2016 దివాలా కోడ్ 79వ సెక్షన్ ఉపాధికి కావలసిన పనిముట్లను, వాహనాన్ని వేలం నుంచి తప్పిస్తుంది, కానీ ఆ బండి మీద అప్పు లేకపోతేనే. వ్యక్తుల దివాలా భాగం 2019 డిసెంబరు 1 నుంచి కంపెనీల అప్పులకు హామీ ఉన్నవాళ్లకే అమల్లోకి వచ్చింది. ఫైనాన్సు మీద ట్రాక్టరు కొన్న రాయచూరు రైతుకు అమెరికాలో ఉన్న వెసులుబాటు లేదు. బండి విలువ ఎంత పడిపోయినా, ఒప్పందం ప్రకారం మొత్తం బాకీ కట్టాలి. జప్తు చేసి వేలం వేశాక తరుగు పడితే అదీ అతని నెత్తినే పడుతుంది. విలువ మేరకు, వాయిదాల్లో కట్టి బండిని నిలుపుకునే దారిని ఈ కోడ్‌లో చేర్చాలి. ధర కట్టే రోజునూ, ఏ బజారు ధర అన్నదీ చట్టంలోనే రాయాలి. లేకపోతే ఆ వాదన భారమూ ట్రాక్టరు కోల్పోయిన రైతు మీదే పడుతుంది.