మా ముత్తాత తుపాకి చెక్క

మా ఇంటి ఒంటి గొట్టం తుపాకి బర్మింగ్‌హామ్‌లో తయారైంది. వేరుశనగ చేలో అడవి పందుల్ని అదిలించడానికి మా ముత్తాత కొన్నాడు. 1878 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు తప్పదు. బళ్ళారి అప్పుడు మద్రాసు రాజధానిలో ఉండేది. 1953లో మైసూరు, 1973లో ఆ మైసూరే కర్ణాటక అయింది. తుపాకి మాత్రం అదే గోడకు ఉంది.

చెక్క వాల్‌నట్, అంటే అక్రోటు. బరువు తక్కువ, పేలుడు అదురుకు తొందరగా చీలదు, వాతావరణానికి అంతగా వంకర పోదు. అందుకే ఇంగ్లీషు తుపాకులకు అదే వాడేవాళ్లు. మా చిన్నప్పుడెవరో దానికి మెరిసే వార్నిష్ కొట్టించారు. అది పెచ్చులూడుతుంటే పోయిన వేసవిలో మేమే పనికి దిగాం. గొట్టం విడదీసి బీరువాలో పెట్టి తాళం వేశాం.

ఉప్పుకాగితంతో రుద్దేద్దాం అనుకున్నాం. రుద్దలేదు, అదే మంచిదైంది. రిమూవర్‌తో వార్నిష్ తీస్తే అడుగున ఎర్రటి ఛాయ బయటపడింది. ఇంగ్లీషు పనివాళ్లు ఆల్కనెట్ వేరును అవిసె నూనెలో నానబెట్టి ఈ ఎరుపు తెప్పించేవాళ్లు. మన అంగళ్లలో రతన్‌జోత్ పేరుతో అమ్మే వేరు దాని కుటుంబానిదే, రోగన్ జోష్‌కు రంగిచ్చేది. అవిసెను మేము బళ్లో ‘అగసె’ అని చదువుకున్నాం. రెండూ ఒకటేనని అవ్వ చెబితే తెలిసింది.

అవిసె నూనె గాలి తగిలి గట్టిపడుతుంది. ఆముదం, కొబ్బరి నూనె అలా ఆరవు, జిడ్డుగానే ఉంటాయి. నాలుగు చుక్కలు అరచేత్తో వేడెక్కేదాకా రుద్ది, మిగిలింది తుడిచి, ఒక రోజు వదిలేశాం. అలా పన్నెండు సార్లు. నూనె గుడ్డల్ని ఉండచుట్టి మూలన పడేస్తే వాటంతటవే అంటుకుంటాయి, అందుకే విడివిడిగా ఆరుబయట పరిచాం.

సొట్టలన్నీ కొత్తవే. ఎన్నికలు వచ్చినప్పుడల్లా తుపాకి స్టేషన్‌లో అప్పగించాలి, అక్కడ ఒకదాని మీద ఒకటి పడేస్తారు. తడిగుడ్డ పరిచి ఇస్త్రీపెట్టె ఆనిస్తే ఆవిరికి చాలావరకు పైకి లేచాయి. చెంప ఆనే చోట నల్లబడిన మరక ఉంది, ముత్తాతది, తాతది, నాయనది. దాన్ని ముట్టుకోలేదు.

ఈసారి స్టేషన్‌కి పాత దుప్పట్లో చుట్టి పంపుతాం.