బూజు పళ్లెమెక్కిన చరిత్ర

బూజు కట్టిన ఊరగాయను జాలిలేక పెంటకుప్పపై పాఱబోయు ఇల్లాండ్ర చేతి అన్నము తినినవారము మనము. కావున ఇంగ్లండు దేశమున మార్లో పట్టణ సమీపమున మట్టిలో లభించిన ఫ్యుసేరియం అను బూజును, లోకమున మాంసకృత్తులకు కఱవు రానున్నదను భయము ప్రబలియున్న 1960ల చివరి దినములలో, ర్యాంక్ హోవిస్ మెక్‌డూగల్ అను పిండిమరల సంస్థవారు గొప్ప తొట్లలో పెంచి మాంసమునకు బదులుగా జనులకు వడ్డింపదలచిరనిన, మనకు వెగటు కలుగుట సహజమే. అయినను వారు తొందరపడినవారు కారు. ఆ బూజునందలి ఆర్.ఎన్.ఏ. దేహమున యూరిక్ ఆమ్లమును పెంచునని యెఱిగి, వేడిచే దానిని తగ్గించు ఉపాయమును కనుగొని, జంతువులపైనను పిమ్మట మనుష్యులపైనను ఏండ్ల తరబడి పరీక్షలు సలిపి, 1985లో ప్రభుత్వానుమతితో ‘క్వార్న్’ అను పేర విక్రయమునకు పెట్టిరి.

ఎలర్జీ మాత్రము ఇట్టి పరీక్షలకు సుళువుగా చిక్కునది కాదు. విషమైనచో తినిన వారినెల్ల బాధించును గాని, ఇది ఎక్కడనో యొక్కనిని ఏరుకొనును గనుక, వందమంది ఆరోగ్యవంతులు తిని త్రేన్చినంతమాత్రమున నూటొకటవవాని గొంతు వాచదని చెప్ప వీలులేదు. బూజు రేణువులు ఒంటికి పడవని 1873 నాటికే మాంచెస్టరు వైద్యుడు చార్లెస్ బ్లాక్లీ అనుభవపూర్వకముగా ఎఱుంగును: తడిగడ్డిపై పెంచిన రేణువులను తానే పీల్చి, గొంతు రాసి, మాట పెగలక, ఆ ప్రయోగమును మఱల తలపెట్టడాయెను. తన చర్మమును గీచి పుప్పొడి రాచి దద్దురును పరిశీలించినదియు ఆయనయే. నేటి వైద్యులు ముంజేతిపై చుక్క వేసి, సూదితో గ్రుచ్చి, పావుగంట యాగి దద్దురును కొలుచుట ఆ గీతకు వారసత్వమే.

క్రొత్త ఆహారము విషయమున అసలు ప్రశ్న వేఱు: ఊపిరితో చొచ్చిన బూజునకు విరోధియైన దేహము, నోటితో వచ్చిన దాని జ్ఞాతిని గుర్తుపట్టునా? ఇందులకై రోగి రక్తపు తేటను ముందు క్వార్న్ సారముతో కలిపి, పిదప పాత బూజుతో పరీక్షింతురు. ప్రతిక్రియ సన్నగిల్లెనేని, రెంటిని పట్టినది ఒకే ప్రతిరక్షకమని తేలును. 1993లో ప్రకటితమైన బ్రిటిష్ పరిశోధన, ఆస్పర్జిల్లస్, క్లాడోస్పోరియం అను సాధారణపు బూజులకును క్వార్నునకును ఇట్టి చుట్టరికమును చూపెను. బూజు పడని యొక రోగికి క్వార్న్ తినిన వెంటనే ఎలర్జీ కలుగుటకు పీ2 అను రైబోసోము ప్రోటీను కారణమని 2003లో వెల్లడియయ్యెను. పెక్కు బూజులలో ఇది ఇంచుమించు ఏకరూపమున నుండునట.

ఇట్టి రోగులు మిక్కిలి అరుదు, నిజమే. కాని వ్యాపారులు ఆ పదార్థమును పుట్టగొడుగుల బంధువుగా వర్ణించుట నాకు రుచింపదు. రెండును శిలీంధ్రములే యైనను, బూజు గాలికి ఉబ్బసము రేగువానికి కావలసినది ఖచ్చితమైన పేరు. అమెరికాలో 2002లోనే విక్రయము మొదలైనను, అది బూజేయనియు, అరుదుగా ఎలర్జీ కలుగుననియు పొట్లముపై ముద్రింపవలెనను ఒప్పందము న్యాయస్థానము ద్వారా కుదురుటకు 2017 వఱకు పట్టినది.