విశాఖ రేవు – నిర్మాణము, పోషణము

బిలాస్‌పూరునకు సముద్రము బహుదూరము. అర్పా నది యొడ్డున, ఛత్తీస్‌గఢ్ వరిపొలముల నడుమ పెరిగిన ఈ రైల్వే పట్టణములోని తెలుగు పిల్లలలో పలువురు వేసవి సెలవులలో విశాఖకో, శ్రీకాకుళమునకో పోయినప్పుడే కెరటములను చూతురు. అయినను విశాఖపట్టణమున నేడు మహానౌకలు నిలుచు రేవును మొదట త్రవ్వించినది, బిలాస్‌పూరును కూడలిగా తీర్చిన రైలు కంపెనీయే. బెంగాల్ నాగపూర్ రైల్వే అను ఆ కంపెనీ రేవును ఏల కట్టవలసివచ్చెను, కట్టిన పిదప దానిని నిలుపుకొనుటకు ఎట్టి శ్రమ అవసరమైనది అనునది రైల్వే కుటుంబములకు కొంత సొంత విషయము వంటిదే.

ఆ కంపెనీ 1887లో ఏర్పడినది. నాగపూరునుండి ఛత్తీస్‌గఢ్ వరకు అంతకు ముందే ఉన్న మీటరుగేజి మార్గమును తీసికొని, బ్రాడ్‌గేజికి మార్చి, బిలాస్‌పూరు మీదుగా ఆసన్‌సోల్ వరకు 1891 నాటికి పొడిగించెను. కట్ని శాఖ వచ్చి కలియుటతో బిలాస్‌పూరు జంక్షను అయ్యెను. తూర్పుతీరపు రైలుమార్గములో వాల్తేరునుండి కటకమునకు పోవు ఉత్తరభాగము 1902లో అదే కంపెనీ చేతికి వచ్చినది. దీనితో వాల్తేరు, ఖరగ్‌పూరు, చక్రధరపూరు, బిలాస్‌పూరు ఒకే యజమాని క్రింది ఊళ్లైనవి. ఉత్తరాంధ్ర గ్రామములనుండి బయలుదేరిన ఫైర్‌మన్లు, ఫిట్టర్లు, గ్యాంగుమన్లు, గుమాస్తాలు ఛత్తీస్‌గఢ్ చేరుటకు దారి ఏర్పడినది ఇట్లే.

కంపెనీకి సముద్రముతో పని పడినది మాంగనీసు రాతి వలన. మధ్యపరగణాలలోని బాలాఘాట్, భండారా, నాగపూరు జిల్లాలలో త్రవ్విన ఈ రాయి ఐరోపా ఉక్కు కర్మాగారములకు పోవలెను. పోవుటకు బొంబాయియో, కలకత్తాయో తప్ప వేరు దారి లేదు. రాయి బరువు ఎక్కువ, వెల తక్కువ. రైలు కిరాయియే లాభమును తినివేయును. రాయపూరునుండి తిన్నగా తూర్పుకనుమలు దాటి దిగినచో విశాఖపట్టణము ఆ రెండు నగరములకన్న ఎంతో దగ్గర. కాని దిగినచోట రేవు లేదు.

రేవు లేదనగా వర్తకము లేదని కాదు. ఓడలు తీరమునకు దూరముగా లంగరు వేసి నిలిచెడివి. సరకును మసూలా పడవలు ఒడ్డునకు చేర్చెడివి. మేకులు లేక కొబ్బరిపీచు త్రాళ్లతో పలకలను కుట్టి చేసిన ఆ పడవలు కెరటముల దెబ్బకు వంగునే కాని విరుగవు. జాలరుల నేర్పు వలననే శతాబ్దములపాటు విశాఖ, భీమునిపట్టణములలో ఎగుమతి దిగుమతులు సాగినవి. గాలివాన వచ్చిననాడు పని ఆగును. ఓడకు దాగు చోటు లేదు. శత్రువు వచ్చినను అంతే. 1804 సెప్టెంబరులో విశాఖ యెదుట లంగరు వేసియున్న ఆంగ్లేయుల సెంచూరియన్ నౌకపై ఫ్రెంచి నౌకాధిపతి లినోవా దాడి చేసినప్పుడు, దానికి తీరమునందలి ఫిరంగులే దిక్కైనవి.

అయితే ప్రకృతి ఒక అవకాశమును ఉంచినది. ఆంగ్లేయులు డాల్ఫిన్ నోస్ అనియు, స్థానికులు యారాడ కొండ అనియు పిలుచు కొండ సముద్రములోనికి ముక్కువలె పొడుచుకొని వచ్చియున్నది. దానికి ఉత్తరమున, వేంకటేశ్వరస్వామి కొండ, చర్చి యున్న రాస్ కొండ, దర్గా కొండ ఒకదాని ప్రక్క ఒకటిగా నిలిచియున్నవి. ఈ రెండు వైపుల నడుమనుండి ఒక ఉప్పుటేరు లోనికి పోయి విశాలమైన బురదనేలగా పరచుకొనెడిది. మేఘాద్రి గెడ్డ నీరు అందులో కలియును. లోపల గాలివాన తాకిడి లేదు. ఒడ్డున కొండ కాపు. లోపమెల్ల ముఖద్వారముననే. అక్కడ ఇసుక మేట వేసియుండుటచే చిన్న పడవలకు తప్ప దారి లేదు.

ఈ ఇసుక సంగతియే రేవు చరిత్రలో ముఖ్యమైనది. తూర్పుతీరమున ఇసుక ఒకచోట నిలిచియుండదు. నైఋతి ఋతుపవన కాలమున అలలు దానిని దక్షిణమునుండి ఉత్తరమునకు త్రోయును. ఈశాన్య గాలులు వీచునప్పుడు కొంత వెనుకకు తెచ్చును. కూడిక తీసివేతలు పోగా ఏటేటా ఉత్తరముగా నడచునదే ఎక్కువ. ఈ నడకకు అడ్డముగా ఏ కట్ట కట్టినను దాని దక్షిణమున ఇసుక పేరుకొనును, ఉత్తరమున తీరము కోసుకొనిపోవును. దీనిని మదరాసు చేదుగా నేర్చినది. 1875లో అక్కడ సముద్రములోనికి కట్టలు చాచి రేవు నిర్మాణము మొదలుపెట్టిరి. 1881 నాటి తుపాను వానిని చాలవరకు కూల్చివేసినది. మరల కట్టినప్పుడు ఇసుక తన పని తాను చేసినది. మదరాసువాసులు సాయంకాలము షికారు చేయు మెరీనా అంత వెడల్పగుటకు కారణము ఆ రేవు కట్టయే. దానికి ఉత్తరముననున్న రాయపురము వైపు పేదల ఇండ్లు కడలి పాలైనవి. ఒకే కట్ట ఒక వైపు వారికి విహారస్థలమును, మరొక వైపు వారికి నిర్వాసమును ఇచ్చినది.

మొదటి ప్రపంచయుద్ధము తరువాత బ్రిటిషు నౌకాశాఖకు చెందిన కర్నల్ కార్ట్‌రైట్ రీడ్ చేసిన సూచనను ప్రభుత్వము అంగీకరించినది. 1927లో బెంగాల్ నాగపూర్ రైల్వే పని ప్రారంభించెను. విశాఖలో సముద్రమునకు కట్టలు చాచుటకు బదులు బురదనేలను త్రవ్వి లోపలనే రేవు చేసిరి. డ్రెడ్జర్లు ఉప్పుటేరును లోతు చేసినవి. ఓడ తిరుగుటకు చాలినంత మడుగును త్రవ్వినవి. త్రవ్విన మన్నును పల్లపు నేలలపై పోసి, మెరక చేసి, ఆ మెరకమీదనే రైలు యార్డును పరచిరి. త్రవ్వకమునకు, పూడికకు ఒకే ఖర్చు పడినది. రైల్వే ఇంజనీర్లకు ఇట్టి లెక్క కొత్త కాదు.

ముఖద్వారమునకు దక్షిణమున, యారాడ కొండ దాపున, జేనస్, వెలెడ్‌సన్ అను రెండు పాత ఓడలను ముంచి, తీరమునకు అంటక ద్వీపమువలె నిలుచు అడ్డుకట్టను ఏర్పరచిరి. దాని చాటున అలలు నెమ్మదించును. నెమ్మదించిన నీటిలో ఇసుక దిగును. అక్కడ ముందే ఒక గొయ్యి త్రవ్వియుంచిరి. దక్షిణమునుండి నడచివచ్చు ఇసుక కాలువలో పడక ఈ గోతిలో పడును. డ్రెడ్జరు దానిని తీసి ఉత్తరపుటొడ్డునకు చేర్చవలెను. మదరాసు చేసిన తప్పు విశాఖలో మరల జరుగకుండుటకు వేసిన ఉపాయమిది. ఇందులో ఒక షరతు కలదు. ఇసుకను తీయుట ఒక యేడు చేసి మానుకొను పని కాదు. రేవు ఉన్నంతకాలము గొయ్యి నిండుచునే యుండును.

ఇంతలో రెండవ వైపు పని కూడ ముగిసినది. విజయనగరమునుండి పార్వతీపురము వరకు 1908-09లో వేసిన మార్గము రాయగడ, టిట్లాగఢ్, మహాసముంద్ మీదుగా రాయపూరును 1931లో కలిసికొన్నది. ఛత్తీస్‌గఢ్‌నకు సముద్రపు వాకిలి తెరచుకొన్నది అప్పుడే. 1933 అక్టోబరు 7న సింధియా కంపెనీ వారి జలదుర్గ రేవులో ప్రవేశించినది. అదే సంవత్సరము డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్‌డన్ ప్రభువు ప్రారంభోత్సవము జరిపెను. మొత్తము వ్యయము 378 లక్షల రూపాయలు. అప్పుడు ఓడలు నిలుచు చోట్లు మూడే. ఏటి సరకు 1 లక్షా 30 వేల టన్నులు. కోట్ల టన్నుల లెక్కలకు అలవాటుపడినవారికి ఇది నవ్వు పుట్టింపవచ్చును గాని, మసూలా పడవలపై మోసినవారికి అది కొండంత.

యుద్ధకాలమును ఇక్కడ విస్తరింప నక్కరలేదు. 1942 ఏప్రిల్ 6న జపాను విమానములు రేవుపై బాంబులు వేసినవి. ఊరు చాలవరకు ఖాళీ అయ్యెను. 1941లో బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేసిన సింధియా నౌకానిర్మాణశాలనుండి 1948 మార్చి 14న జల ఉష నీటిలోనికి జారినది. నెహ్రూ పండితుడు ఆ యుత్సవమునకు వచ్చెను. 1944లో ప్రభుత్వము రైలు కంపెనీని స్వాధీనము చేసికొన్నది. 1955లో ఆగ్నేయ రైల్వే ఏర్పడినది. 1964 ఫిబ్రవరిలో రేవు పోర్టు ట్రస్టు పాలనకు వచ్చినది. తండ్రి ఆస్తి పంచుకొన్న అన్నదమ్ములవలె రైలు, రేవు వేరు కాపురములు పెట్టినను, ఒకరి పొయ్యి వెలుగుటకు మరొకరి కట్టెలు కావలసియే యున్నవి.

ఆ సంగతి ఇనుపరాతితో మరింత స్పష్టమైనది. బస్తరు అడవులలోని బైలాదిలా కొండల రాయిని జపానునకు పంపుటకై కొత్తవలస–కిరండూల్ మార్గమును యాభైకి పైబడిన సొరంగములతో 1966–68 నడుమ తెరచిరి. ఆ రాతిని మోసికొనిపోవు పెద్ద ఓడలకు లోపలి రేవు చాలలేదు. కనుక సముద్రమున పొడవైన కట్టలు కట్టి బాహ్య రేవును 1976లో ప్రారంభించిరి. మొదటి తరము ఇంజనీర్లు తప్పించుకొన్న పనిని రెండవ తరము చేయవలసివచ్చినది. దానితో ఇసుకను తీసి దాటించు బాధ్యత మునుపటికన్న పెరిగినదే కాని తరుగలేదు.

ఇసుకను గూర్చి ముందుచూపు చూపినవారు నీటిని గూర్చి అంతగా ఆలోచించినట్లు కనబడదు. 1931 జనాభా లెక్కలనాటికి విశాఖ జనము అరువది వేలకు లోపే. అంతటి ఊరి మురికిని ఆ నీరు భరించగలదని ఎవరైన అనుకొందురు. కాని లోపలి రేవు మూడు వైపుల మూసిన కొలను వంటిది. విశాఖయొద్ద పోటునకు పాటునకు భేదము సుమారు మీటరున్నర మాత్రమే. సన్నని కాలువగుండ వచ్చిపోవు ఆ కొద్దిపాటి నీరు లోపలి మాలిన్యమును కడుగజాలదు. 1957లో చమురు శుద్ధి కర్మాగారము వచ్చినది. 1967లో ఎరువుల కర్మాగారము, 1977లో జింకు కర్మాగారము వచ్చినవి. నగరపు మురుగు గెడ్డలగుండ వచ్చి కలిసినది. మేఘాద్రి గెడ్డ మంచినీటిని జలాశయమున నిలిపి నగరపు త్రాగునీటికి మళ్లించిరి. వచ్చు మురికి పెరిగి, కడుగు నీరు తగ్గినది. ఇందులో ఏ ఒక్కరి తప్పు అనలేము. ప్రతివారును తమ వాటాకు మాత్రమే లెక్క చూచుకొనిరి.

దీనిని మొదట గుర్తించినవారు ఆంధ్ర విశ్వవిద్యాలయపు జంతుశాస్త్రజ్ఞులు. ఎ.వి. రామన్, పి.ఎన్. గణపతి 1983లో ప్రచురించిన పరిశోధనలో రేవు అడుగు బురదలోని పురుగులను లెక్కించిరి. నీటి కలుపుదల బాగుగా గల చోట్ల నానాజాతులు, మురుగు పేరుకొన్న మూలలలో కాపిటెల్లా కాపిటాటా వంటి ఒకటి రెండు జాతులే మిగిలినవని తేలినది. ఇతర జీవులు చచ్చుచోట ఆ పురుగు వర్ధిల్లును. దాని సంఖ్యయే రేవు ఆరోగ్యమునకు కొలమానమైనది. 1974 నాటి జలకాలుష్య నివారణ చట్టము, 1986 నాటి పర్యావరణ చట్టము, 1991 నాటి తీరప్రాంత నియమములు తరువాతి కాలమున కొంత పగ్గము వేసినవి. అయినను 2011 నాటికి 17 లక్షలు దాటిన నగరపు మురుగునీటిని శుద్ధి చేయుట రేవు యాజమాన్యమొక్కదాని వలన అగు పని కాదు.

ధూళి విషయమున ఛత్తీస్‌గఢ్‌నకు కూడ పాలు కలదు. ఒకప్పుడు బండ్లు రాయిని మోసికొని తీరమునకు దిగెడివి. నేడు విదేశపు కోకింగు బొగ్గు విశాఖలో దిగి, అదే రాయపూరు మార్గమున భిలాయి ఉక్కు కర్మాగారమునకు ఎక్కుచున్నది. ఇట్టి సరకులతో రేవు వార్షిక రవాణా 2023-24లో 8 కోట్ల టన్నులు దాటినది. బొగ్గు, ఇనుపరాయి గుట్టలనుండి లేచు పొడి పాతనగరపు ఇండ్ల గోడలపై నల్లగా, ఎర్రగా పేరుకొనుట విశాఖవాసులకు చిరకాలపు బాధ. గుట్టలపై నీరు చల్లుట, కప్పులు వేయుట, చెట్లు పెంచుట జరుగుచున్నవి. బిలాస్‌పూరు, కోర్బా ప్రాంతములలో బొగ్గు బండ్ల నడుమ బ్రతుకువారికి ఆ బాధను వివరించి చెప్ప నక్కరలేదు.

ఇసుక మాత్రము తన నడకను ఆపలేదు. 1952–53లో ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు వచ్చిన అమెరికా సముద్రశాస్త్రజ్ఞుడు లాఫాండ్, వాల్తేరు తీరమున ఋతువు ననుసరించి ఇసుక పెరుగుట, తరుగుట కొలిపించెను. తెలుగు విద్యార్థులు పలువురు ఆ కొలతలలోనే సముద్రశాస్త్రమునకు ఓనమాలు దిద్దుకొనిరి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకిన తరువాత రామకృష్ణా బీచి దారుణముగా కోసుకొనిపోయి, ఒడ్డునున్న రోడ్డు గోడలు కూలినవి. అప్పుడు పత్రికలలో పెద్ద చర్చ నడచినది. పరిష్కారముగా చెప్పబడినది మాత్రము 1933 నాటి ఇంజనీర్లకు తెలిసినదే: దక్షిణపు గోతిలోని ఇసుకను తీసి ఉత్తరపుటొడ్డున పోయుట. విశాఖయే కేంద్రకార్యాలయముగా గల డ్రెడ్జింగ్ కార్పొరేషను ఓడలు ఆ గోతినుండి ఇసుకను పీల్చి, గొట్టములగుండ బీచిపై నీటితోకూడ వెదజల్లుచుండగా, ఆ మడుగులలో ఆడుకొను పిల్లలను, కొంచెము దూరమున వలలు ఆరవేసికొను జాలరులను చూడవచ్చును.