పాస్ అందుకోవడం నేర్పిందెవరు?
హైదరాబాద్ ఫుట్‌బాల్ చరిత్ర నుంచి ఒక పాఠం



బస్తర్‌లో జగదల్‌పూర్ నుంచి దర్భా మీదుగా సుక్మా వైపు వెళ్లే జాతీయ రహదారి మీద తోంగ్‌పాల్ అనే ఊరు ఉంది. అదే రహదారి ఇంకా దక్షిణానికి సాగి, కుంట దాటి, చింతూరు, భద్రాచలం, కొత్తగూడెం మీదుగా విజయవాడ వైపు వస్తుంది. ఆ దారి పొడవునా గోండీ, హల్బీ, కోయ, తెలుగు మాటలు వినిపిస్తాయి.

తోంగ్‌పాల్‌లో ఒక కళాశాల ఫుట్‌బాల్ జట్టు ఉందనుకుందాం. ఆ జట్టు ఒక మ్యాచ్‌లో రెండు గోల్స్ తేడాతో ఓడిపోయింది. కోచ్ సరిగా నేర్పలేదని ఒకరంటారు. ఫార్వర్డ్‌లు పనికిరారని ఇంకొకరంటారు. పాస్‌లు బాగానే వెళ్లాయి, అందుకునేవాళ్లే లేరని మరొకరంటారు. ఈ మూడు తీర్పుల్లో ఏది సరైనదో తేల్చడం ఎలా? స్కోరు ఒక్కటే చూస్తే తేలదు. ఒక జట్టు పాసింగ్ ఆటను, ఆ ఆట నేర్పిన శిక్షకుడి పనిని ఎలా అంచనా వేయాలి అన్నదే ఈ పాఠంలో మన ప్రశ్న. దీనికి సమాధానం కోసం కొంత చరిత్రలోకి వెళ్దాం. ఆ చరిత్రలో ముఖ్యమైన భాగం మన హైదరాబాద్‌లోనే జరిగింది.

పాస్ ఎలా పుట్టింది?

ఈ రోజు మనకు ఫుట్‌బాల్ అంటే పాస్‌ల ఆట. మొదట్లో అలా లేదు. 1863లో ఇంగ్లండ్‌లో రాసిన తొలి నియమాల ప్రకారం బంతి కంటే ముందున్న ఆటగాడు ఆఫ్‌సైడ్ కిందికి వచ్చేవాడు. అంటే ముందుకు పాస్ ఇవ్వడానికి వీలే లేదు. అందుకే ఆటగాడు బంతిని కాళ్ల మధ్య ఉంచుకుని డ్రిబ్లింగ్ చేస్తూ పరిగెత్తేవాడు. మిగతావాళ్లు బంతి జారితే అందుకుందామని వెనకే గుంపుగా వెళ్లేవారు. 1866లో నియమం సడలింది. ఆటగాడికీ గోల్ గీతకూ మధ్య ముగ్గురు ప్రత్యర్థులు ఉంటే ముందున్నవాడికి కూడా పాస్ ఇవ్వవచ్చు.

నియమం మారినంత మాత్రాన ఆట వెంటనే మారలేదు. 1872 నవంబరు 30న గ్లాస్గోలో ఇంగ్లండ్, స్కాట్లండ్ మధ్య తొలి అధికారిక అంతర్జాతీయ మ్యాచ్ జరిగింది. స్కాట్లండ్ ఆటగాళ్లంతా క్వీన్స్ పార్క్ అనే ఒకే క్లబ్బుకు చెందినవారు. ఇంగ్లండ్ ఆటగాళ్లు వారికంటే బలిష్ఠులు. ఒంటరిగా బంతితో దూసుకుపోతే బరువైన ప్రత్యర్థిని ఢీకొనాలి. అందుకని స్కాట్లండ్ ఆటగాళ్లు ఒకరికొకరు బంతి అందించుకుంటూ ఆడారు. మ్యాచ్ 0-0గా ముగిసింది. స్కోరు పట్టికలో సున్నాలే మిగిలినా, పాసింగ్ ఆట చరిత్రలో ఈ మ్యాచ్‌కు పెద్ద స్థానం ఉంది. బలహీనుడికి బలవంతుడిని ఎదుర్కొనే సాధనంగా పాస్ ఎదిగిందన్నది ఇక్కడ గుర్తుంచుకోవలసిన విషయం.

అమెరికా కళాశాలల అనుభవం

ఇదే కథ మరో రూపంలో అమెరికాలో కనిపిస్తుంది. అక్కడ ఫుట్‌బాల్ అంటే కోలగుడ్డు ఆకారపు బంతిని చేతులతో పట్టుకుని ఆడే వేరే ఆట. అది కళాశాలల్లోనే పెరిగింది. గుంపులుగా ఢీకొనడం వల్ల విద్యార్థులు చనిపోతూ ఉండడంతో, 1905లో అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ పెద్ద కళాశాలల ప్రతినిధులను పిలిపించి మాట్లాడాడు. మరుసటి ఏడాది, 1906లో, బంతిని ముందుకు విసిరి పాస్ ఇవ్వడాన్ని నియమాలు అనుమతించాయి.

అయితే దానికి ఒక కఠినమైన షరతు ఉంది. విసిరిన బంతిని ఎవరూ తాకకుండా నేల మీద పడితే బంతి ప్రత్యర్థికి వెళ్లిపోతుంది. 1906 సెప్టెంబరులో సెయింట్ లూయిస్ విశ్వవిద్యాలయ ఆటగాడు బ్రాడ్‌బరీ రాబిన్సన్ విసిరిన మొదటి పాస్‌కు సరిగ్గా ఇదే జరిగింది. అదే మ్యాచ్‌లో తరువాత విసిరిన పాస్‌ను జాక్ ష్నైడర్ అందుకుని పాయింట్లు తెచ్చాడు. చూడండి, రెండు సార్లూ విసిరినవాడు ఒక్కడే. మొదటి పాస్ అందలేదు, రెండోది అందింది. పాస్ ఫలితం విసిరే చేతిలోనే తేలదని తొలి రోజే రుజువైంది.

1913లో నోటర్‌డామ్ కళాశాల ఆటగాళ్లు గస్ డొరాయిస్, న్యూట్ రాక్నీ వేసవి సెలవుల్లో ఒక సరస్సు ఒడ్డున పనిచేస్తూ, ఖాళీ వేళల్లో పాస్ సాధన చేశారు. డొరాయిస్ విసిరేవాడు, రాక్నీ పరిగెత్తుతూ అందుకునేవాడు. ఆ నవంబరు 1న బలమైన ఆర్మీ జట్టును నోటర్‌డామ్ 35-13తో ఓడించింది. డొరాయిస్ విసిరిన 17 పాస్‌లలో 14 చేరవలసిన చేతుల్లోకే చేరాయి. ఇందులో ఇంకో సంగతి ఉంది. తరువాత అమెరికాలో అగ్రశ్రేణి కోచ్‌గా పేరు తెచ్చుకున్నది అందుకోవడం సాధన చేసిన రాక్నీ.

హైదరాబాద్ ఉపాధ్యాయుడు

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. సయ్యద్ అబ్దుల్ రహీమ్ 1909లో హైదరాబాద్‌లో పుట్టారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివారు. నగరంలోని పాఠశాలల్లో ఉపాధ్యాయుడిగా పనిచేశారు. వ్యాయామ విద్యలో డిప్లొమా కూడా పొందారు. 1940ల నుంచి హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శిగా ఉన్నారు. 1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు, అదే కాలంలో భారత జట్టుకు శిక్షణ ఇచ్చారు. ఆటగాళ్లు ఆయనను ప్రేమగా ‘రహీం సాబ్’ అనేవారు.

ఆయన చేసిన పనుల్లో మనకు ముఖ్యమైనది నియమాల మార్పు. డ్రిబ్లింగ్ చేయకూడదనే షరతుతో ఆయన పోటీలు పెట్టించారు. బలహీనమైన కాలితోనే ఆడాలనే పోటీలు కూడా జరిపించారు. వీటిలోని తర్కం ఆలోచించండి. బంతితో పరిగెత్తడం కుదరనప్పుడు ఆటగాడికి మిగిలేది పాస్ ఒక్కటే. బంతి వచ్చాక ఎటు ఇవ్వాలా అని ఆలోచించే తీరిక అతనికి దొరకదు. కాబట్టి బంతి రాకముందే చుట్టూ చూసుకోవాలి. మిగతా పదిమంది నిలబడి చూస్తే ఆట ఆగిపోతుంది. వాళ్లు ఖాళీ జాగాలోకి కదలాలి. అంటే ఆ పోటీ పైకి పాస్ ఇవ్వడం నేర్పుతున్నట్టు కనిపించినా, నిజానికి పాస్ అందుకోవడం నేర్పుతుంది. రెండో పోటీ కూడా అంతే. రెండు కాళ్లూ పనిచేసే ఆటగాడికి బంతి ఏ వైపు నుంచి వచ్చినా ఇబ్బంది ఉండదు.

ఈ పద్ధతికి ఖరీదైన పరికరాలు అవసరం లేదు. బడిపిల్లలకు చెప్పినట్టు ఒక నియమం చెప్పి, దాని లోపల ఆడనిస్తే చాలు. ఇందులో మంచి ఉపాధ్యాయుడి తెలివి కనిపిస్తుంది.

ఫలితాలు కూడా వచ్చాయి. 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదేళ్లు బొంబాయి రోవర్స్ కప్‌ను హైదరాబాద్ సిటీ పోలీస్ గెలిచింది. 1950లో డ్యూరాండ్ కప్‌లో మోహన్ బగాన్‌ను ఓడించింది. 1956, 1957 సీజన్లలో సంతోష్ ట్రోఫీ హైదరాబాద్‌కు దక్కింది. సికింద్రాబాద్ అమ్ముగూడకు చెందిన తులసీదాస్ బలరామ్, ఇంకా అజీజుద్దీన్, నూర్ మొహమ్మద్, జుల్ఫికరుద్దీన్ వంటివారు ఇక్కడి మైదానాల నుంచే భారత జట్టులోకి వెళ్లారు.

పది గోల్స్ ఓటమిని ఎలా చదవాలి?

శిక్షకుడి పనిని స్కోరుతో మాత్రమే కొలిస్తే ఏమవుతుందో చూడండి. 1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడల ఫైనల్లో రహీమ్ జట్టు ఇరాన్‌ను 1-0తో ఓడించి స్వర్ణం గెలిచింది. మరుసటి ఏడాది హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగొస్లావియా చేతిలో 10-1తో ఓడిపోయింది. 1951లో గొప్ప కోచ్ 1952లో పనికిరానివాడు అయ్యాడా? కాలేదు. ఎదుటి జట్టు స్థాయి మారింది, చలి మారింది. మన ఆటగాళ్లలో చాలామంది బూట్లు లేకుండా ఆడారు. ఆ ఓటమి తరువాత దేశంలో బూట్లతో ఆడడం తప్పనిసరి అయింది.

1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో అదే రహీమ్ శిక్షణలో భారత జట్టు ఆతిథ్య ఆస్ట్రేలియాను 4-2తో ఓడించింది. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ చేశాడు. ఒలింపిక్ ఫుట్‌బాల్ సెమీఫైనల్ చేరిన తొలి ఆసియా జట్టు మనదే. సెమీఫైనల్లో మళ్లీ యుగొస్లావియాయే ఎదురైంది. ఈసారి మొదటి గోల్ మనవాళ్లే చేశారు. చివరికి 4-1తో ఓడారు. పతకం చేజారి నాలుగో స్థానం దక్కింది.

చరిత్ర విద్యార్థికి ఈ రెండు మ్యాచ్‌లు మంచి ఆధారం. కోచ్ ఒక్కడే, ప్రత్యర్థి దేశం ఒక్కటే, మధ్యలో నాలుగేళ్లు. తొమ్మిది గోల్స్ తేడా మూడుకు తగ్గింది. అయితే తొందరపడి మొత్తం ఘనత శిక్షణకే ఇవ్వకండి. 1956 నాటి యుగొస్లావ్ జట్టు 1952 నాటి జట్టు కాదు. మన ఆటగాళ్లూ మారారు. పోలిక పెట్టేటప్పుడు ఏమేమి మారాయో ముందుగా రాసుకోవాలి.

ఇంతకంటే బలమైన ఆధారం 1962 జకార్తా ఆసియా క్రీడల్లో దొరుకుతుంది. తొలి మ్యాచ్‌లో దక్షిణ కొరియా మనను 2-0తో ఓడించింది. సెప్టెంబరు 4న ఫైనల్లో అదే కొరియాను మనవాళ్లు 2-1తో ఓడించి స్వర్ణం గెలిచారు. ఇక్కడ ప్రత్యర్థి ఒక్కరే, టోర్నీ ఒక్కటే, మధ్యలో వ్యవధి పది రోజుల్లోపే. ఆ పది రోజుల్లో ఒక ముఖ్యమైన మార్పు జరిగింది. డిఫెండర్ జర్నయిల్ సింగ్‌కు తలకు గాయమైంది. రహీమ్ ఆయనను పక్కన కూర్చోబెట్టకుండా, సెమీఫైనల్లో, ఫైనల్లో సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడించారు. జర్నయిల్ రెండింటిలోనూ గోల్ చేశాడు. ఫైనల్లో మరో గోల్ పి.కె. బెనర్జీది. అందించే ఆటగాళ్లు జట్టులో ముందే ఉన్నారు. మారింది ముందు వరుసలో అందుకునే మనిషి. ఎవరు ఎక్కడ నిలబడి బంతి అందుకుంటే మేలో గుర్తించడం కూడా శిక్షణలో భాగమే.

మీరు ఎలా అంచనా వేయాలి?

పాత స్కోరు పట్టికల్లో గోల్ చేసినవారి పేరే ఎక్కువగా ఉంటుంది. గోల్‌కు ముందు పాస్ ఇచ్చినవాడు, పాస్ కోసం దారి ఖాళీ చేసినవాడు కనిపించరు. మీరు మీ కళాశాల జట్టు మ్యాచ్ చూసేటప్పుడు ఒక నోటు పుస్తకం దగ్గర పెట్టుకుని ఈ నాలుగు ప్రశ్నలు వేసుకోండి.

మొదటిది, పాస్ ఎక్కడ చెడింది? ఇచ్చినవాడి గురి తప్పిందా, అందుకునేవాడి కాలికి తగిలి జారిందా, లేక అతను ఉండవలసిన చోట లేడా? ఈ మూడింటినీ వేర్వేరు వరుసల్లో గుర్తు పెట్టండి.

రెండోది, బంతి రాకముందు అందుకునేవాడు ఏం చేశాడు? తల తిప్పి చూశాడా, కదిలాడా, నిలబడే ఉన్నాడా?

మూడోది, మొదటి టచ్ తరువాత బంతి ఎటు వెళ్లింది? ప్రత్యర్థికి దూరంగానా, దగ్గరగానా?

నాలుగోది, ప్రత్యర్థి ఎవరు, మైదానం ఎలా ఉంది? ఎండిన గట్టి నేల మీద ఎగిరే బంతినీ, వానకు తడిసిన గడ్డి మీద ఆగే బంతినీ ఒకే కొలతతో కొలవకూడదు.

ఒక హెచ్చరిక. చేరిన పాస్‌ల శాతం ఒక్కటే చూసి మోసపోకండి. పక్కకీ వెనక్కీ ఇచ్చే పాస్‌లు సులువుగా చేరతాయి. గోల్ దిశగా, ఇద్దరి మధ్య నుంచి ఇచ్చే పాస్ పదిలో నాలుగు చేరినా దాని విలువ ఎక్కువ కావచ్చు.

కోచ్ గురించి తీర్పు చెప్పాలంటే ఒక్క మ్యాచ్ చాలదు. సీజన్ మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి, వీలైతే ఒకే ప్రత్యర్థి మీద, ఒకే ఆటగాళ్ల లెక్క తీయండి. అందుకోవడంలో పొరపాట్లు తగ్గితే, ఓడినా ఆ కోచ్ నేర్పుతున్నట్టే. గెలుస్తున్నా తగ్గకపోతే, ఆ గెలుపు ఎవరో ఒక మంచి ఆటగాడి చలవ కావచ్చు.

తోంగ్‌పాల్ దాకా ఈ పాఠం

రహీమ్ 1963 జూన్ 11న క్యాన్సర్‌తో కన్నుమూశారు. ఆ తరువాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారతదేశానికి స్వర్ణం రాలేదు. 1970లో హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ నయీముద్దీన్ నాయకత్వంలో కాంస్యం వచ్చింది. 2024లో రహీమ్ జీవితం మీద ‘మైదాన్’ అనే హిందీ సినిమా వచ్చాక చాలామంది యువకులు ఆయన పేరు మొదటిసారి విన్నారు. భారత ఫుట్‌బాల్ వెనకబడడానికి కారణాలు అనేకం. అయినా ఒక్క మాట చెప్పవచ్చు. మంచి పద్ధతి ఒక మనిషితోనే ఉండిపోతే ఆ మనిషితోనే పోతుంది. అది బడుల్లో, కళాశాలల్లో అలవాటుగా నాటుకుంటే నిలుస్తుంది.

బస్తర్ ప్రాంతంలో ఫుట్‌బాల్‌కు ఆదరణ ఉంది. 2024లో స్వామి వివేకానంద పేరిట జరిగిన తొలి అండర్-20 జాతీయ పురుషుల పోటీలకు నారాయణ్‌పూర్‌లోని రామకృష్ణ మిషన్ ఆశ్రమ మైదానం వేదిక అయింది. తోంగ్‌పాల్‌లో గానీ, చింతూరులో గానీ, మీ ఊళ్లో గానీ స్టేడియం లేకపోవచ్చు. డ్రిబ్లింగ్ లేని ఆట ఆడడానికి ఒక బంతి, ఒక ఖాళీ స్థలం, ఒక నియమం ఉంటే చాలు. ఆ ఆట అరగంట ఆడించి, పైన చెప్పిన నాలుగు ప్రశ్నలకు సమాధానాలు రాయండి. అప్పుడు మీ జట్టు గురించి మీరు చెప్పే మాట నిందగానో పొగడ్తగానో మిగిలిపోదు. దానికి ఆధారం ఉంటుంది.

ఆలోచించండి

1. 1952, 1956 యుగొస్లావియా మ్యాచ్‌లను పోల్చేటప్పుడు ఏ ఏ అంశాలు మారాయి? ఏవి మారలేదు?
2. డ్రిబ్లింగ్ నిషేధించిన పోటీ, అందుకునే ఆటగాడికి ఏమి నేర్పుతుంది?
3. మీ కళాశాల జట్టు రెండు మ్యాచ్‌లు చూసి, చెడిన పాస్‌లను మూడు వరుసల్లో లెక్కించండి. మీ తీర్పును పది వాక్యాల్లో రాయండి.