మంచుకొండకు మన దారి

మా మొఘల్‌పురాలో ఏ మేడ ఎక్కి చూసినా చార్మినారే ఎత్తుకు గుర్తు. 1591లో కట్టిన ఆ కట్టడం సుమారు 56 మీటర్లు ఉంటుంది. అలాంటివి నూటయాభైకి పైగా ఒకదాని మీద ఒకటి నిలబెడితేగాని ఎవరెస్టు శిఖరం అందదు. దాని ఎత్తు 8848 మీటర్ల పైచిలుకు. అంత దూరాన ఉన్న మంచుకొండకీ, మన హైదరాబాదుకీ సంబంధం ఏమిటంటారా? ఉందండీ! ఒకటి కాదు, రెండు సంబంధాలున్నాయి.

మొదటిది పేరు సంగతి. విలియం లాంబ్టన్ అనే అధికారి 1802లో మద్రాసు దగ్గర మొదలుపెట్టి, గొలుసులతో, యంత్రాలతో దేశాన్ని కొలుచుకుంటూ ఉత్తరానికి వచ్చాడు. 1818లో ఆయనకు సహాయకుడిగా హైదరాబాదు చేరిన యువకుడే జార్జి ఎవరెస్టు. అప్పటికి అతనికి ఇరవై ఎనిమిదేళ్ళు. కృష్ణా గోదావరుల మధ్య అడవుల్లో కొలతలు తీయమని పంపితే, 1819లో అక్కడ అడవి జ్వరం పట్టుకుంది. మనిషి ఎంతగా చిక్కిపోయాడంటే, కోలుకోవడానికి ఓడెక్కి దక్షిణాఫ్రికా కొసదాకా వెళ్ళవలసి వచ్చింది. 1823లో లాంబ్టన్ పోయాక ఆ కొలతల పని ఇతని చేతికే వచ్చింది.

ఆ తరువాత 1852 ప్రాంతంలో రాధానాథ్ సిక్దార్ అనే బెంగాలీ గణితజ్ఞుడు లెక్కలు కట్టి, పదిహేనో నంబరు శిఖరమే లోకంలోకెల్లా ఎత్తయినదని తేల్చాడు. పేరు మాత్రం, అప్పటికి ఉద్యోగం వదిలి వెళ్ళిపోయిన ఎవరెస్టు దొరది పెట్టారు! 1865లో అదే ఖాయమైంది. ఆయన ఆ కొండ ఎక్కలేదు సరికదా, కంటితో చూసిన దాఖలా కూడా లేదు. కింద కాపురం ఉండేవాళ్ళకు అది ఏనాటినుంచో చోమోలుంగ్మా. వండినవారొకరు, మెప్పు పొందినవారు మరొకరు అన్నట్టుంది కదూ! వంటిళ్ళలో మనకు ఇది కొత్త కాదు.

1953 మే 29న టెన్సింగ్, హిల్లరీ శిఖరం చేరారు. ఆడవాళ్ళ వంతు వచ్చేసరికి మరో 22 ఏళ్ళు పట్టింది. 1975 మే 16న జపాను దేశపు జుంకో తబేయి ఎక్కింది. ఆమె ఇంట్లో చిన్న కూతురిని వదిలి వచ్చిన తల్లి. డబ్బు సాయం అడగబోతే, ఇంట్లో ఉండి పిల్లల్ని పెంచుకోరాదా అన్నవాళ్ళున్నారు. శిఖరానికి పన్నెండు రోజుల ముందు మంచు విరిగి గుడారం మీద పడి కప్పేసినా, తేరుకుని పైకే నడిచింది. తొమ్మిదేళ్ళకు, 1984 మే 23న, మన దేశం నుంచి బచేంద్రీ పాల్ ఆ ఘనత సాధించింది.

ఇక రెండో సంబంధం. ఇది మన తెలుగుపిల్లది. నిజామాబాదు జిల్లా పాకాల గ్రామంలో కూలిపనికి వెళ్ళే గిరిజన దంపతుల బిడ్డ మలావత్ పూర్ణ. తాడ్వాయిలో సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుకునేది. హైదరాబాదుకు అరవై కిలోమీటర్లలోపే ఉన్న భువనగిరి ఏకశిలమీద గురుకుల పిల్లలకు కొండలెక్కడం నేర్పారు. అక్కడ బాగా ఎక్కినవాళ్ళను డార్జిలింగుకు, వారిలోంచి మళ్ళీ కొందరిని లడఖ్ చలికి పంపారు. అలా వడగట్టి వడగట్టి చివరికి ఇద్దరిని మిగిల్చారు. ఒకరు పూర్ణ, రెండోవాడు ఖమ్మం జిల్లా కుర్రాడు సాధనపల్లి ఆనంద్ కుమార్. ఊళ్ళు వేరు, బళ్ళు వేరు. ఎండలో పెరిగిన ఈ ఇద్దరికీ మంచులో స్నేహం కుదిరింది. శేఖర్ బాబు అనే శిక్షకుడు వెన్నంటి ఉన్నారు.

పదహారేళ్ళు నిండనివారికి నేపాలు వైపు నుంచి అనుమతి లేదు. అందుకని టిబెట్టు వైపు నుంచి వెళ్ళారు. ఆ రోజుల్లోనే, 2014 ఏప్రిల్ 18న, నేపాలు వైపు మంచు కూలి 16 మంది షెర్పాలు చనిపోయారు. ఆ కబురు విన్న తల్లి గుండె ఎలా కొట్టుకుంటుందో మీకు వేరే చెప్పాలా? అయినా పిల్లలు వెనుతిరగలేదు. దారిలో అంతకుముందు పోయినవాళ్ళ దేహాలు చూసి భయపడ్డానని పూర్ణ తరువాత చెప్పింది. శిఖరం దగ్గర గాలి మనం పీల్చేదాంట్లో మూడోవంతే. అక్కడ పరుగుల మాట లేదు. ఒక అడుగు వేసి, నాలుగుసార్లు ఊపిరి తీసుకుని, మరో అడుగు వేయాలి.

2014 మే 25 ఉదయం ఇద్దరూ శిఖరం మీద నిలిచారు. పూర్ణకు అప్పుడు పదమూడేళ్ళ పదకొండు నెలలు. అంత చిన్నవయసులో ఆ శిఖరమెక్కిన ఆడపిల్ల అంతకుముందు ఎవరూ లేరు. 2022 నాటికి ఆమె ఏడు ఖండాల ఎత్తయిన శిఖరాలూ పూర్తిచేసింది.

అంత చిన్నపిల్లను అలాంటిచోటికి పంపవచ్చునా అన్న ప్రశ్న చాలామంది వేశారు. వేయవలసిన ప్రశ్నే. నేనూ ఒక తల్లిగా ఆలోచించాను. పంపడం, తోసేయడం ఒకటి కావు. ఆ పిల్లకు నెలల తరబడి శిక్షణ ఇచ్చారు, తోడు ఇచ్చారు, వెనక్కి వచ్చేయమన్నా ఎవరూ తప్పుపట్టని వీలు ఉంది. మన అమ్మాయి వీధి చివరి మైదానంలో పొద్దున్నే పరుగెత్తుతానంటే, ముందే వద్దనేయకండి. ఎక్కడ, ఎవరితో, ఎవరు నేర్పుతారు అని అడగండి. జవాబు బాగుంటే, బూట్లు మీరే కొనిపెట్టండి.