లెలీస్టాడ్ వైరస్: అంతుచిక్కని పంది రోగం చిక్కిన వైనం

1987లో అమెరికాలోని పందుల ఫారాల్లో ఒక కొత్త జబ్బు కనబడింది. చూడిపందులు నెలలు నిండకముందే ఈనేవి. పిల్లలు కొన్ని చచ్చి పుట్టేవి, కొన్ని పుట్టాక ఊపిరందక చనిపోయేవి. కారణం తెలియక ‘అంతుచిక్కని పంది రోగం’ అన్న పేరే దానికి వాడుకలో నిలిచింది. 1990 చివర జర్మనీలో, 1991 మొదట్లో నెదర్లాండ్స్‌లో అది తలెత్తింది. కొన్ని పందుల చెవులు నీలంగా మారడం వల్ల డచ్చి వాళ్లు దాన్ని ‘నీలి గర్భస్రావం’ అన్నారు.

లెలీస్టాడ్ పట్టణంలోని కేంద్ర పశువైద్య సంస్థలో వెన్స్‌వోర్ట్, టెర్ప్‌స్ట్రా, పోల్ తదితరులు కారకం కోసం వెతికారు. వైరస్ పెరగాలంటే జీవకణం కావాలి. అది కూడా ఆ వైరస్‌కు సరిపడేదై ఉండాలి. ఈ వైరస్‌కు సరిపడిన కణం పంది ఊపిరితిత్తుల్లోనే ఉంది. గాలితోపాటు లోపలికి చేరిన సూక్ష్మజీవులను మింగే మాక్రోఫేజ్ అది. కాపలా కాయవలసిన కణమే వైరస్‌కు ఆశ్రయమైంది. ఆ కణాలను వర్ధనంలో ఉంచి, జబ్బుపడిన పందుల నమూనాలను వాటికి కలిపితే కణాలు నశించసాగాయి. 20 పందిపిల్లల్లో 16 నుంచి, 63 తల్లిపందుల్లో 41 నుంచి అదే కారకం బయటపడింది.

అయితే దొరికిందల్లా దోషి కాదు. కొన్ని పందుల్లో మైకోప్లాస్మాలు, ఎంటెరోవైరస్‌లు కూడా దొరికాయి. అందుకే జబ్బు తొలిరోజుల్లో ఒకసారి, కొన్నాళ్లకు మరోసారి తీసిన రక్తాన్ని పోల్చి చూశారు. 165 తల్లిపందుల్లో 123 కొత్త వైరస్‌కు యాంటీబాడీలు తయారుచేసుకున్నాయి. మిగతా కారకాల్లో దేనికీ ఆ సంఖ్య పదిశాతానికి చేరలేదు. ఆపైన వర్ధనంలో పెంచిన వైరస్‌ను చూడిపందుల ముక్కుల్లో వేసి, అవే లక్షణాలు రప్పించారు. ఒక సూక్ష్మజీవే రోగానికి కారణమని రుజువు చేయడానికి వాడే కాక్ సూత్రాలు నెరవేరాయి. ఆ వైరస్‌కు ఊరి పేరే పెట్టారు.

1992లో అమెరికా పరిశోధకులు వీఆర్-2332 అనే వైరస్‌ను వేరుచేశారు. జబ్బు ఒకటే అయినా, రెండు వైరస్‌ల జన్యుక్రమాలకు చాలా తేడా ఉందని తర్వాత తేలింది. పందుల ప్రత్యుత్పత్తి, శ్వాసకోశ సిండ్రోమ్, అంటే పీఆర్‌ఆర్‌ఎస్, అనే పేరు కూడా ఆ ఏడే ఖాయమైంది.

వైరస్ చేతికందాక పాత రక్తనమూనాలను కూడా పరీక్షించడం వీలైంది. కెనడాలోని ఒంటారియోలో 1979లో సేకరించి దాచిన సీరంలో దానికి యాంటీబాడీలు కనిపించాయి. అమెరికా ఫారాల్లో జబ్బు బయటపడటానికి ఎనిమిదేళ్ల ముందే ఆ వైరస్ ఒంటారియో పందులను తాకి వెళ్లింది.