.315 స్పోర్టింగ్ రైఫిల్

భారతదేశంలో పౌరులు లైసెన్సుపై కొనుక్కోగల బోల్ట్ యాక్షన్ రైఫిల్. పశ్చిమ బెంగాల్‌లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో తయారవుతుంది. యంత్రాంగం బ్రిటిష్ సైన్యం మోసిన లీ-ఎన్‌ఫీల్డ్‌దే; తూటా మాత్రం వేరు. సైనిక తూటాలైన .303, 7.62 మి.మీ. రకాలను పేల్చగల రైఫిళ్లు సామాన్యులకు నిషిద్ధం కనుక దీన్ని 8 మి.మీ. తూటాకు మలిచారు. ఆయుధాగారం నుంచి దొంగిలించిన తూటా పౌరుల తుపాకిలో పనికిరాకూడదన్నది వలసపాలకుల నాటి జాగ్రత్త. సెమీ ఆటోమేటిక్ రైఫిళ్లు కూడా నిషిద్ధ వర్గంలోనివే. అందుచేత అమెరికా దుకాణాల్లో అమ్మే ఏఆర్-15 లాంటిది ఇక్కడ మామూలు లైసెన్సుతో రాదు.

1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సుకు సాధారణంగా 21 ఏళ్లు నిండాలి, పోలీసు విచారణ జరగాలి. హైదరాబాదులో పోలీసు కమిషనర్, కమిషనరేట్ లేని జిల్లాల్లో కలెక్టర్ దాన్ని మంజూరు చేస్తారు. ఇవ్వడం వారి విచక్షణ. అడిగినంత మాత్రాన దక్కే హక్కు కాదు. 2019 సవరణ ఒకరి దగ్గర ఉండదగిన తుపాకుల సంఖ్యను మూడు నుంచి రెండుకు తగ్గించి, లైసెన్సు గడువును మాత్రం ఐదేళ్లకు పెంచింది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటకు అడ్డుకట్ట వేశాక దరఖాస్తుల్లో ఆత్మరక్షణ, పంట రక్షణే ప్రధాన కారణాలు. ఎన్నికలొస్తే చాలామంది తుపాకిని ఠాణాలో అప్పగించి రసీదు తెచ్చుకోవలసిందే.